రాక్షస గుళ్లలో ఎవరి పూర్వీకులు?

పాల్వంచ నుంచి కిన్నెరసాని వెంట ఎగువకు గుండాల అడవుల్లోకి వెళ్లినా, మణుగూరు దాటి పినపాక మండలం జానంపేట వైపు వెళ్లినా దారిలో అవే ఎదురవుతాయి. పెద్ద రాతి పలకలను నాలుగు వైపులా నిలిపి, పైన మందపాటి కప్పురాయి మోపిన గూళ్లు. చుట్టూ గుండ్రంగా బండరాళ్లు. ఒంగి లోపలికి చూస్తే ఒకే బండను తొలిచి చేసిన రాతి తొట్టి, అందులో ఏళ్ల తరబడి చేరిన మట్టి, రాలిన ఆకులు. ఊళ్లలో వీటిని రాక్షస గుళ్లంటారు. ఇనుము వాడకం నేర్చిన కాలపు మనుషులు తమవాళ్లను సాగనంపిన సమాధులివి. క్రీస్తు పూర్వపు చివరి వెయ్యేళ్లలో దక్కన్ అంతటా పెద్దరాళ్లతో సమాధులు కట్టారు. అయితే లోపల రాతి తొట్టి, పక్కన మనిషి ఆకారపు రాయి ఉన్న సమాధులు ఈ గోదావరి అడవుల్లో కనిపించినంతగా మరోచోట కనిపించవు.

ఆ నిలువురాయిని కాస్త ఆగి చూడాలి. పైన తల, దానికి రెండు పక్కలా పొట్టి చేతులు, కింద పొడవైన మొండెం. ముఖం చెక్కలేదు, కాళ్లు చెక్కలేదు. కొన్నింటి మీద మాత్రం స్త్రీ రూపమని తెలిసేలా రొమ్ములు చెక్కారు. దూరం నుంచి చూసేవారికి అది శిలువలా కనిపిస్తుంది. ఆ పోలిక మీదే ఒకప్పుడు లండన్‌లో ఒక పెద్ద వాదం నిలబడింది.

1868లో ముల్హెరన్ అనే బ్రిటిష్ సర్వే అధికారి మంగపేట, మల్లూరు, కాటాపూర్ ప్రాంతాల్లో చూసిన ఈ గూళ్ల గురించి, శిలువ రాళ్ల గురించి బెంగాల్ ఏషియాటిక్ సొసైటీకి రాశాడు. ఆ వివరాలు జేమ్స్ ఫెర్గూసన్ చేతికి చేరాయి. నీలిమందు వ్యాపారంలో సంపాదించి, ఆ తర్వాత భారతీయ కట్టడాల చరిత్రకారుడిగా పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. ప్రపంచంలోని పెద్దరాతి కట్టడాలన్నీ జనం అనుకునేంత పాతవి కావని నిరూపించాలన్న పట్టుదలతో 1872లో ఒక పెద్ద గ్రంథం వేశాడు. కాటాపూర్ రాళ్లు ఆయనకు అందివచ్చిన సాక్ష్యమయ్యాయి. శిలువ ఉంది కనుక అక్కడ క్రైస్తవులు ఉండి ఉండాలి, క్రైస్తవులు ఉన్నారు కనుక పక్కనున్న గూళ్లు కూడా క్రీస్తు తర్వాతి శతాబ్దాలవే అయి ఉండాలి అన్నది ఆయన తర్కం. గోదావరి గట్టున ఒక తొలి క్రైస్తవ సమాజం పుట్టుకొచ్చింది అలాగే. ఒక్క గడ్డపార దిగలేదు, ఒక్క తొట్టెలోని ఎముకను ఎవరూ పరీక్షించలేదు.

ఫెర్గూసన్ మత ప్రచారకుడు కాడు. మోసం చేయాలన్న ఉద్దేశం ఆయనకు ఉందనడానికీ ఆధారం లేదు. ఆయన పెరిగిన సమాజంలో అడ్డంగా ఒక రాయి, నిలువుగా ఒక రాయి ఉంటే దానికి ఒకే అర్థం ఉండేది. ఆ అర్థాన్ని ఆయన ఇక్కడికి మోసుకొచ్చాడు. అడవిలో నివసించే జనం, వాళ్ల తాతముత్తాతలు ఒకే బండ నుంచి ఇంత పెద్ద ఆకారాన్ని చెక్కి, నిలిపి ఉంటారన్న ఊహకే ఆ చర్చలో చోటు దొరకలేదు. విచారించవలసిన సంగతి అదే.

అదే కాలంలో ఆఫ్రికాలో దీనికన్నా పెద్ద ఘోరం జరిగింది. గ్రేట్ జింబాబ్వే రాతికోటను నల్లజాతివారు కట్టలేరని, షీబా రాణి మనుషులో ఫినీషియన్లో కట్టి ఉంటారని తెల్ల వలసదారులు నమ్మారు. సెసిల్ రోడ్స్ కంపెనీ అండతో 1891లో థియోడర్ బెంట్ అక్కడ తవ్వాడు. 1902 నుంచి రిచర్డ్ హాల్ అనే పాత్రికేయుడు ఆ శిథిలాల సంరక్షకుడిగా ఉండి, ఆఫ్రికన్ల నివాసపు పొరలను చెత్తగా భావించి తోడి పారేశాడు. 1905లో ర్యాండల్ మెకైవర్, 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ అది ఆఫ్రికన్ల కట్టడమేనని తేల్చినా, రొడీషియా ప్రభుత్వం ఆ మాట పాఠ్యపుస్తకాల్లోకి రానివ్వడానికి ఇష్టపడలేదు. ఆ నేల ఎప్పుడూ స్థానికులది కాదని చెప్పగలిగితే, దాన్ని ఆక్రమించుకోవడం నేరం కాదు. హాల్ చేసిన నష్టానికి మాత్రం పరిహారం లేదు. పొరలు పోయాయి, మళ్లీ రావు.

తవ్వకం అన్ని శాస్త్రాల్లాంటిది కాదు. రసాయన ప్రయోగం తప్పితే మళ్లీ చేసుకోవచ్చు. ట్రెంచ్ ఒక్కసారే తవ్వగలం. ఐదు మీటర్ల చదరం గీసి, నాలుగు మూలలా మేకులు కొట్టి, తాపీతో మట్టిని పొరపొరగా గీకుతూ దిగుతారు. బూడిద తగిలిన చోట రంగు మారుతుంది, పాత గోడ కూలిన చోట మట్టి గట్టిపడుతుంది. ప్రతి పెంకును ఏ పొరలో, ఎంత లోతులో దొరికిందో రాసి సంచిలో వేస్తారు. కిందికి వెళ్లాలంటే పైపొరను తీసేయాల్సిందే. తవ్వేవాడికి బౌద్ధ స్తూపం కావాలనుకోండి, మీద ఉన్న మధ్యయుగపు ఇళ్ల పొర అతనికి అడ్డు. గుడి కావాలనుకుంటే సుల్తానుల కాలపు మట్టి అడ్డు. రాజధాని కావాలనుకుంటే పశువుల పాక అడ్డు. డైరీలో ఆ పొర గురించి రెండు వాక్యాలు రాసి ముందుకు పోతారు. పక్షపాతం అబద్ధం రూపంలో రావడం తక్కువ. ఆ రెండు వాక్యాల రూపంలోనే ఎక్కువగా వస్తుంది.

తెలుగు నేల మీద దీనికి నిండు ఉదాహరణ అమరావతి. 1797లో కాలిన్ మెకంజీ చూసేనాటికే వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టిస్తున్న కొత్త పట్టణం కోసం స్తూపం దిబ్బను తవ్వి రాళ్లు తీసుకుపోతున్నారు. 1845లో వాల్టర్ ఇలియట్ కొన్ని శిల్పాలను మద్రాసుకు చేర్చాడు. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ వెళ్లింది. 1877లో రాబర్ట్ సీవెల్ కొంత తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నర్ బకింగ్‌హామ్ ప్రభువు ఆ స్థలాన్నంతా శుభ్రం చేయించమని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ శుభ్రంతో స్తూపం నడిమి భాగం పోయి పెద్ద గొయ్యి మిగిలింది. మరుసటి ఏడాది వచ్చిన జేమ్స్ బర్జెస్‌కు పరిశీలించడానికి మిగిలింది చెదిరిన పలకలే. అందమైన చలువరాయి మీద ఆశతో తవ్వారు, చరిత్ర పొరలు ఎవరికీ పట్టలేదు. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఆ శిల్పాలను చూసి తెలుగువాళ్లు గర్వపడతారు, బాధపడతారు. ఏ శిల్పం కింద ఏ పొర ఉండేదో చెప్పగలవారు మాత్రం ఎవరూ లేరు.

నిజాం రాజ్యంలో కథ ఇంకో దారిలో నడిచింది. 1914లో గులాం యాజ్దానీ నేతృత్వంలో పురావస్తు శాఖ ఏర్పడింది. అదే దశాబ్దంలో బ్రిటిష్ రెసిడెంట్ అలెగ్జాండర్ పిన్హే చొరవతో హైదరాబాద్ పురావస్తు సంఘం మొదలైంది. తాను ఆధునిక పాలకుడినని బ్రిటిష్‌వారికి చూపాలన్న కోరిక నిజాంకు ఉంది. అందుకే అజంతా చిత్రాలను కాపాడేందుకు ఇటలీ నుంచి నిపుణులను రప్పించారు. ముస్లిం పాలకుడి డబ్బుతో బౌద్ధ గుహలు బతికాయి. రాజకీయ ఉద్దేశం ఉన్న ప్రతి పనీ చెడ్డదే అనడానికి వీల్లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది. మన జానంపేట గూళ్లను కూడా ఆ రోజుల్లోనే నిజాం కొలువులోని అధికారి వేక్‌ఫీల్డ్ తవ్వి, సంఘం పత్రికలో వివరాలు ప్రకటించాడు. కానీ అజంతాకు వచ్చిన ఆదరణ జానంపేటకు రాలేదు. రంగుల బొమ్మలు ప్రపంచానికి చూపించుకోవచ్చు. పేరు తెలియని వాళ్ల సమాధులను చూపించుకుని ఏ రాజ్యానికి ఏం లాభం?

ఈ గూళ్ల పక్కనే బతికే కోయల మాట ఇక్కడ తప్పక చెప్పాలి. దుమ్ముగూడెంలో ఉన్న మిషనరీ జాన్ కెయిన్ 1870లలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాసిన వ్యాసాల్లో కోయల ఆచారాలను నమోదు చేశాడు. చనిపోయినవారి పేర రాయి నిలిపే అలవాటు కోయల్లో ఉంది. శిలువల వాదం లండన్‌లో అచ్చయిన కొద్ది ఏళ్లకే, అదే నది ఒడ్డున, అప్పటికీ రాళ్లు నిలుపుతున్న జనాన్ని ఒక మిషనరీయే చూశాడు. అయినా రెంటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించే పని చాలాకాలం సాగలేదు.

అలాగని ఆ సమాధులు కోయల పూర్వీకులవేనని తీర్మానించేయడం కూడా తొందరపాటే. మధ్యలో రెండు వేల ఏళ్లు గడిచాయి. జనం కదిలారు, భాషలు మారాయి. కోయలే వాటిని తమవి అనకుండా రాక్షసులకు అంటగట్టారు. ఫెర్గూసన్ చేసిన పనిని మంచి మనసుతో తిరగేసి చేస్తే అది శాస్త్రం అయిపోదు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య కె.పి. రావు జానంపేట, దామరవాయి ప్రాంతాల్లో చేసిన పరిశీలనల వల్ల ఈ సమాధుల తీరు, ఆకారాల పోలికలు మునుపటికన్నా బాగా తెలిశాయి. ఎముకల మీద, మట్టి మీద ఇవాళ చేయగల పరీక్షలు ఎన్నో ఉన్నాయి. అవి జరిగితే ఏదో ఒక జవాబు వస్తుంది. ఆ జవాబు ఎవరికి ఇష్టమైనా కాకపోయినా ఒప్పుకోవాలి.

పురాణం ముందు నడిచి తవ్వకం వెనక నడిచిన చోటు ఖమ్మం జిల్లాలోనే ఉంది. భక్త రామదాసు పుట్టిన నేలకొండపల్లిలో ఒక పెద్ద దిబ్బను జనం విరాటరాజు దిబ్బగా చెప్పుకునేవారు. పాండవులు అజ్ఞాతవాసం చేసిన విరాటనగరం ఇదేనని, కీచకుడు చచ్చింది ఇక్కడేనని కథలు. రాష్ట్ర పురావస్తు శాఖ తవ్విస్తే బయటపడింది బౌద్ధ స్తూపం, విహారాల పునాదులు, బుద్ధుడి విగ్రహాలు. తవ్వినవారు కథకు లొంగకుండా దొరికింది దొరికినట్టు చెప్పారు, అందుకు వారిని మెచ్చుకోవాలి. కథ చెప్పుకునే జనం మీద కోపం పెట్టుకోనక్కర్లేదు. ఆ కథే లేకపోతే ఆ దిబ్బ ఎప్పుడో చదునై చేనులో కలిసిపోయేది.

నాగార్జునకొండలో ఇంకో రకం కథ. 1926లో వెలుగు చూసిన ఆ లోయలో 1927 నుంచి 1931 దాకా పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. కట్టడాలు ముక్కలైన తీరు చూసి, ఇది శంకరాచార్యులు తన అనుచరులతో వచ్చి చేసిన విధ్వంసమన్న స్థానిక ప్రతీతిని తన నివేదికలోకి ఎక్కించాడు. కూలిన రాయి తనను ఎవరు కూల్చారో చెప్పదు. భూకంపమో, నిధి కోసం తవ్వినవాడో, రాళ్లు మోసుకుపోయిన రైతో కావచ్చు. కానీ అచ్చయిన ప్రతీతి ఆ తర్వాత ఆధారంగా మారింది. హిందువులకూ బౌద్ధులకూ జరిగిన తగువుల గురించి ఇప్పటికీ వాదించేవాళ్లు దాన్ని ఉటంకిస్తూనే ఉన్నారు. అదే లోయలోని మహాచైత్యంలో దొరికిన ధాతువును ప్రభుత్వం సారనాథ్‌లోని మూలగంధకుటి విహారానికి అప్పగించింది. తవ్వకంలో దొరికిన వస్తువు పూజావస్తువుగా మారిన సందర్భమది. బౌద్ధులకు అది న్యాయమే. ఇటువంటి బహుమానం దొరుకుతుందని తెలిశాక, తర్వాతి తవ్వకాల్లో ధాతుపేటికల మీదే అందరి కళ్లూ నిలవడంలో ఆశ్చర్యం లేదు.

తెలుగు ప్రాంతీయ రాజకీయాలు కూడా గడ్డపార పట్టాయి. శాతవాహనుల తొలి నెలవు ఎక్కడన్న ప్రశ్న మీద ఎన్నో దశాబ్దాలు కృష్ణా తీరానిదే పైచేయి. 1970ల చివరి నుంచి వి.వి. కృష్ణశాస్త్రి ఆధ్వర్యంలో గోదావరి ఒడ్డున కోటిలింగాలలో జరిగిన తవ్వకాలు, అక్కడ దొరికిన నాణేలు లెక్క మార్చాయి. శాతవాహన వంశ స్థాపకుడిగా పురాణాలు చెప్పే సిముకుడి నాణేలు అక్కడ ఉన్నాయని పి.వి. పరబ్రహ్మశాస్త్రి వంటి పండితులు చదివి చెప్పారు. పండితుల చర్చగా మొదలైన ఈ సంగతి తెలంగాణ ఉద్యమంలో గౌరవ చిహ్నమైంది. తమ చరిత్రను పట్టించుకోలేదన్న తెలంగాణ ఆవేదనలో నిజం ఉంది. ఇంత చేసినా కోటిలింగాల నేలలో కొంత భాగం ఎల్లంపల్లి ప్రాజెక్టు నీటిలో మునిగింది. ఊరేగింపుల్లో పేరెత్తినంత శ్రద్ధ మునక ముందు తవ్వకం మీద లేకపోయింది. అటు కృష్ణ ఒడ్డున కొత్త రాజధానికి 2015లో అమరావతి పేరు పెట్టి బౌద్ధ వారసత్వాన్ని ముందుకు తెచ్చారు. ఇటు నాగార్జునసాగర్‌లో 2022లో బుద్ధవనం తెరిచారు. పర్యాటకుడికి చూపదగిన గతానికే నిధులు వస్తున్నాయి. భద్రాచలం కేంద్రం ప్రకటించిన రామాయణ సర్క్యూట్‌లో ఉంది, ఆలయ అభివృద్ధికి ప్రసాద్ పథకం కింద 2022 డిసెంబరులో శంకుస్థాపన జరిగింది. రామభక్తులకు వసతులు కావాలి, అందులో తప్పు లేదు. అదే జిల్లాలో జానంపేట గూళ్ల కప్పురాళ్లను గుప్త నిధుల వేటగాళ్లు పెకలిస్తుంటే అడ్డుకునే కాపలా మనిషి లేకపోవడమే బాధ.

ఉద్దేశాలు తవ్వకాన్ని ఎంతగా నడుపుతాయో తెలుసుకోవాలంటే దొరికిన వస్తువులకన్నా నివేదిక వచ్చిన తేదీలు చూడాలి. నాగార్జునకొండలో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో సాగిన తవ్వకాల మొదటి సంపుటం 1975లో వచ్చింది. చారిత్రక యుగం గురించిన రెండో సంపుటం వచ్చింది 2006లో. తవ్వకం ముగిసిన 46 ఏళ్లకు! ఆ పొరలను కళ్లారా చూసినవారిలో అప్పటికి ఎందరు మిగిలారు? అయోధ్యలో అలహాబాద్ హైకోర్టు ఆదేశంతో 2003 మార్చి 12న మొదలైన తవ్వకం ఆగస్టు 7న ముగిసింది. అదే ఆగస్టులో నివేదిక కోర్టు బల్ల మీద ఉంది. అంతకు ముందు 1970లలో అక్కడే తవ్విన బి.బి. లాల్ అప్పటి క్లుప్త నివేదికలో మధ్యయుగపు పొరల్లో చెప్పుకోదగ్గది లేదన్నట్టు దాటేశారు. 1990లో, రామజన్మభూమి ఉద్యమం రగులుతున్న వేళ, మంథన్ పత్రికలో స్తంభాల పునాదుల గురించి రాశారు. పూర్తి నివేదిక ముందే అచ్చయి ఉంటే ఆ చర్చ వీధిలో కాకుండా పండితుల మధ్య నడిచేది. 2019లో సుప్రీంకోర్టు సైతం, కింద ఒక పాత కట్టడం ఉందని పురావస్తు నివేదిక చెప్పినా, మసీదు కోసం దాన్ని కూల్చారని ఆ నివేదిక చెప్పలేదని, స్థల హక్కును పురావస్తు ఆధారాలతో తేల్చలేమని స్పష్టం చేసింది.

తమిళనాడులోని కీళడి ఇదే సంగతికి రెండో ముఖం. అక్కడ తవ్వకాలు నడిపిన కేంద్ర పురావస్తు శాఖ (ఏఎస్‌ఐ) అధికారి అమర్‌నాథ్ రామకృష్ణను 2017లో అస్సాంకు బదిలీ చేశారు. ఆయన 2023 జనవరిలో ఇచ్చిన 982 పుటల నివేదికను 2025 మే నెలలో సవరించమంటూ తిప్పి పంపారు. ఆయన కాలనిర్ణయం మార్చనన్నారు. రాష్ట్ర ప్రభుత్వానికీ అందులో రాజకీయం ఉంది. తమిళ నాగరికత ప్రాచీనతకు అది జెండాగా మారింది. రెండు ప్రభుత్వాల్లో ఎవరి మాట నిజమో పాఠకుడు తేల్చుకోవాలంటే నివేదిక అచ్చయి చేతికి రావాలి. తేదీలు తప్పయితే మరో పండితుడు తప్పని రాస్తాడు. అచ్చు కాకుండా ఆపితే ఆ అవకాశమూ ఉండదు.

ఏది తవ్వాలన్నది కూడా హోదాను బట్టే నిర్ణయమవుతుంది. నెహ్రూ 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు పునాదిరాయి వేశాడు. మరుసటి ఏడాదే బుద్ధుడి మహాపరినిర్వాణానికి 2500 ఏళ్లు నిండిన ఉత్సవాలు. మునిగిపోయే నాగార్జునకొండ బౌద్ధ లోకానికంతటికీ తెలిసిన స్థలం కావడంతో ఆ లోయలో వందకు పైగా చోట్ల తవ్వారు. ముఖ్యమైన తొమ్మిది కట్టడాలను పెకలించి కొండ మీద మళ్లీ నిలిపారు, పద్నాలుగింటికి నమూనాలు కట్టారు. ఆ రోజుల్లో తక్కువ వనరులతో జరిగిన గొప్ప పని అది. బౌద్ధ విహారాల కోసం వెళ్లిన ఆ బృందమే పెద్దరాతి సమాధులను, ఇంకా పాత రాతియుగపు పనిముట్లను కూడా నమోదు చేసింది.

గోదావరి మీది పోలవరం ప్రాజెక్టు ముంపులో మునిగేవాటికి అలాంటి పేరు లేదు. 2014 దాకా పాల్వంచ రెవెన్యూ డివిజన్‌లో ఉన్న కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. ఆ మండలాల్లోని రుద్రమకోట, రాయన్నపేట ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్ పురావస్తు శాఖ తవ్వకాల్లో పెద్దరాతి యుగపు సమాధులు బయటపడ్డాయి. అక్కడ స్తూపం లేదు, శాసనం లేదు, రాజు పేరు లేదు. ఓటు తెచ్చే పూర్వీకుడూ లేడు. ఖాళీ అవుతున్నవి ఎక్కువగా కోయ, కొండరెడ్డి గూడేలు. ఏజెన్సీలో పెసా చట్టం 1996 నుంచి అమల్లో ఉంది. ఊరి వనరుల మీద గ్రామసభ మాట చెల్లాలని అది చెబుతుంది. ఏ రాయి ఎవరి జ్ఞాపకమో, ఏ గుట్ట దగ్గర ఏ పండుగ చేస్తారో గ్రామసభలో కూర్చుని రాసుకోవడానికి పురావస్తు శాఖకు ఏ చట్టమూ అడ్డు రాదు.

పోలవరం పూర్తి నిల్వ మట్టం 45.72 మీటర్లు. నీరు ఆ మట్టానికి చేరే లోపు ముంపు గ్రామాల్లోని ప్రతి సమాధికీ కొలతలు, ఫొటోలు, జీపీఎస్ గుర్తులు తీయాలి. తవ్వినచోట్ల ప్రతి పొర వివరాలతో తెలుగులో నివేదిక అచ్చు వేయాలి. ఎముకల నమూనాలను ఆ ఊళ్లవాళ్ల సమ్మతితో పరీక్షకు పంపాలి. రెండు రాష్ట్రాల శాఖలు కలిసి చేయవలసిన పని ఇది. సరిహద్దు 2014లో జరిగింది గానీ, జానంపేటలోనూ రుద్రమకోటలోనూ నిద్రిస్తున్న ఆ పేరులేని మనుషులు ఒకే నది మీద బతికారు.